పాఠశాల లాప్‌టాపులలో స్వేచ్ఛా సాఫ్ట్‌వేరు: పెన్ మానర్ ప్రయోగముపై విమర్శ

అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రమునందు లాంకాస్టర్ కౌంటీ అను ప్రాంతమున్నది. పొలములకు, పాడికి పేరుపడిన చోటు. అచ్చటి పెన్ మానర్ ఉన్నత పాఠశాల 2014 జనవరిలో తన విద్యార్థులకు తలకొక లాప్‌టాప్ చొప్పున పంచిపెట్టినది. మొత్తము 1,725 యంత్రములు. సంపన్న దేశములో ఇది పెద్ద వింత కాదు. వింత ఏమనగా, విద్యార్థుల కిచ్చిన ఆ యంత్రములను విండోస్‌తో గాని, ఆపిల్ కంపెనీ వ్యవస్థతో గాని నడపలేదు. వాటిలో ఉబుంటు అను లినక్స్ వ్యవస్థను ఎక్కించిరి. అంతటితో ఆగక, యంత్రముపై సర్వాధికారమును, అనగా ఏ ప్రోగ్రామునైనను చేర్చుటకు, తీసివేయుటకు, వ్యవస్థనే మార్చుటకు గల అధికారమును విద్యార్థుల చేతికే ఇచ్చిరి.

ఈ పనిని నడిపినవాడు ఆ పాఠశాలల సాంకేతిక విభాగాధిపతి చార్లీ రైసింగర్. ఈ వృత్తాంతమును ఆయన 2016లో 'ది ఓపెన్ స్కూల్‌హౌస్' అను పుస్తకముగా ప్రకటించెను. నాటినుండి పాఠశాలలలో స్వేచ్ఛా సాఫ్ట్‌వేరును గురించి మాట్లాడువారు పెన్ మానర్ పేరు తలచుట పరిపాటి అయినది. అయితే వారిలో పెక్కుమంది మొట్టమొదట ఎత్తుకొనునది డబ్బు సంగతి. మెప్పు పడవలసిన చోటు అది కాదు. మెచ్చదగినది మరొకటి కలదు. ప్రశ్నింపదగినవియు కొన్ని కలవు.

ముందుగా మాటల అర్థము తెలిసికొనవలెను. కంప్యూటరు చేయవలసిన పనులను చెప్పు ఆదేశముల వరుసకు సాఫ్ట్‌వేరు అని పేరు. దానిని మనుష్యుడు మొదట తనకు చదువ వీలైన రూపములో, ఇంగ్లీషు మాటలును బీజగణితపు గుర్తులును కలిసిన భాషలో వ్రాయును. ఇది మూలరచన, సోర్స్ కోడ్ అని వాడుక. కంపైలర్ అను మరియొక ప్రోగ్రాము దీనిని సున్నలు, ఒకట్ల వరుసగా మార్చును. యంత్రమునకు ఈ రెండవ రూపమే చాలును, కాని మనుష్యునికి అది అర్థము కాదు. అమ్మకపు సాఫ్ట్‌వేరు సాధారణముగా ఈ రెండవ రూపములోనే మన చేతికి వచ్చును. బజారులో ఆవకాయ జాడీ కొని తెచ్చుకొనుట వంటిది ఇది. తినవచ్చును, పాళ్లు మాత్రము తెలియవు. ఉప్పు ఎక్కువైనచో అమ్మినవాడే దిద్దవలెను. స్వేచ్ఛా సాఫ్ట్‌వేరు అయినచో జాడీతోపాటు పాళ్లు వ్రాసిన కాగితమును చేతికి వచ్చును. ఆ పాళ్లను మార్చుకొనుటకును, మార్చినదానిని ఇరుగుపొరుగులకు పంచుటకును అనుమతి ఉండును. రిచర్డ్ స్టాల్‌మన్ 1983లో గ్నూ అను ప్రణాళికను ప్రకటించి ఈ ఉద్యమమునకు నాంది పలికెను. 1991లో లైనస్ టోర్వాల్డ్స్ అను ఫిన్లండు విద్యార్థి వ్రాయ మొదలిడిన లినక్స్ దానితో చేరగా సంపూర్ణమైన వ్యవస్థ ఏర్పడినది.

ఇంగ్లీషులో 'ఫ్రీ' అను మాటకు ఉచితమనియు, స్వేచ్ఛ కలదనియు రెండర్థములు. ఆ ఉద్యమమునకు ఇది పుట్టుకతో వచ్చిన చిక్కు. తెలుగులో ఆ చిక్కు లేదు. ఉచితము వేరు, స్వేచ్ఛ వేరు. అయినను మనవారు కూడ దీనిని 'ఉచిత సాఫ్ట్‌వేరు' అని పిలుచుట, లేని చిక్కును కొని తెచ్చుకొనుటయే.

ఇక డబ్బు లెక్క. మొదటి ఏడు లైసెన్సులకై పెట్టవలసిన 3,60,000 డాలర్లు మిగిలినవని పెన్ మానర్ వారు చెప్పిరి. 1,725 యంత్రములతో భాగించినచో ఒక్కొక్కదానికి 209 డాలర్లు. ఇది చిన్న మొత్తము కాదు. కాని ఇటువంటి లెక్క చెప్పునప్పుడు ఒక ప్రశ్న వేయక తప్పదు: ఏ ధరతో పోల్చి మిగిలినదని చెప్పుచున్నారు? మన దేశములోనే దీనికి మంచి ఉదాహరణ కలదు. కేరళ ప్రభుత్వ పాఠశాలలలో 2019లో లినక్స్ వ్యవస్థ క్రొత్త కూర్పును విడుదల చేయునప్పుడు, రెండు లక్షలకు పైబడిన కంప్యూటర్లలో దానిని వాడుటవలన 3,000 కోట్ల రూపాయలు ఆదా అగునని ప్రకటించిరి. ఎనిమిదవ తరగతి విద్యార్థి కూడ ఈ భాగహారము చేయగలడు. ఒక్కొక్క యంత్రమునకు లక్షన్నర రూపాయలు! పాఠశాల కొను లాప్‌టాప్ ధరకు ఇది కొన్ని రెట్లు. బొమ్మలు వేయు ప్రోగ్రాము, పటములు గీయు ప్రోగ్రాము, లెక్కల ప్రోగ్రాము మున్నగు అన్నిటిని వేర్వేరుగా, పూర్తి ధర పెట్టి కొన్నచో మాత్రమే అంత మొత్తము వచ్చును. అట్లు కొను పాఠశాల ఎచ్చటను ఉండదు, కొనలేక ఊరకుండును. కావున దానిని ఆదా అనుటకంటె, కొనలేని వస్తువు చేతికందినదనుట న్యాయము. అదియు గొప్ప సంగతియే. అయినను లెక్క లెక్కగా ఉండవలెను, ముఖ్యముగా లెక్కలు నేర్పు పాఠశాలలలో.

డబ్బు వాదమునకు మరియొక బలహీనత కలదు. ధర అమ్మువాని చేతిలోనిది. అతడు రేపు పాఠశాలలకు ఊరకనే ఇచ్చెదననినచో ఆ వాదము ఆ నాడే కూలిపోవును. ఇది ఊహ కాదు. అమెరికా పాఠశాలలలో గూగుల్ వారి క్రోమ్‌బుక్ అను చౌక లాప్‌టాపులు వేగముగా వ్యాపించినవి. వాటి వ్యవస్థకు అడుగున నున్నదియు లినక్సే. అయినను ఏ ప్రోగ్రాము పనిచేయవలెనో, ఏది కూడదో కంపెనీయు, పాఠశాల అధికారియు కలిసి దూరమునుండి నిర్ణయింతురు. ప్రతి మోడలునకు ఒక గడువు తేదీ కూడ కలదు. ఆ తేదీ దాటిన పిమ్మట దానికి భద్రతా సవరణలు రావు. విమర్శలు చెలరేగగా 2023లో ఆ గడువును పదేండ్లకు పెంచుచున్నట్లు కంపెనీ ప్రకటించినది. విండోస్ 10 విషయమును ఇట్టిదే. 2025 అక్టోబరు 14తో దాని సాధారణ మద్దతు ముగిసినది. చక్కగా పనిచేయుచున్న పాత యంత్రములు అనేకము, తగిన భాగములు లేవను కారణముచే, విండోస్ 11కు అధికారికముగా అర్హములు కాకపోయినవి. తేలికపాటి లినక్స్ వ్యవస్థ ఎక్కించినచో అట్టి యంత్రములు ఇంకను కొన్నేండ్లు పనికివచ్చును. డబ్బును గురించి చెప్పదలచినవారు లైసెన్సు ధరకు బదులు ఈ ఆయుర్దాయమును లెక్కించిన మేలు. బీరువాలో మూలపడియున్న యంత్రము ఏ పాఠశాలలో లేదు?

అసలు సంగతికి వత్తము. పెన్ మానర్ ప్రయోగము విలువ తెలియుటకు దానికి కొద్ది ఏండ్లు ముందు అదే రాష్ట్రములో జరిగిన మరియొక ఉదంతమును చూడవలెను. ఫిలడెల్ఫియా నగరము చెంతనున్న లోయర్ మెరియన్ అను ధనిక ప్రాంతమున పాఠశాలలవారు సుమారు 2,300 మంది విద్యార్థులకు ఆపిల్ లాప్‌టాపులిచ్చిరి. పోయిన యంత్రమును పట్టుకొనుటకని వాటిలో ఒక ప్రోగ్రామును ముందే ఎక్కించిరి. దూరమునుండి ఆజ్ఞ ఇచ్చినచో అది లాప్‌టాప్ కెమెరాతో ఎదుటనున్న వారి చిత్రమును, తెరమీది చిత్రమును కొన్ని నిమిషములకొకమారు తీసి పంపుచుండును. ఈ సంగతి విద్యార్థులకు గాని, తల్లిదండ్రులకు గాని చెప్పలేదు. 2010 ఫిబ్రవరిలో ఒక విద్యార్థి కుటుంబము దావా వేయుటతో ఇది బయటపడెను. విచారణలో తేలిన చిత్రముల సంఖ్య 50,000 దాటినది. వాటిలో పిల్లలు తమ ఇండ్లలో ఉండగా తీసినవి అనేకము. ఆ ఏటి అక్టోబరులో 6,10,000 డాలర్లు చెల్లించుటకు ఒప్పుకొని పాఠశాలలవారు దావాలను పరిష్కరించుకొనిరి.

ఈ ఉదంతములో విజ్ఞానశాస్త్ర ఉపాధ్యాయుడు ప్రత్యేకముగా గమనింపవలసిన చిన్న అంశమొకటి కలదు. తాము కెమెరా వాడనప్పుడు కూడ దాని ప్రక్కనున్న పచ్చదీపము క్షణకాలము వెలిగి ఆరుటను కొందరు విద్యార్థులు చూచిరి. అడిగినవారికి అది యంత్రములోని చిన్న లోపమని సమాధానము వచ్చినదని అప్పటి పత్రికలు వ్రాసినవి. పరిశీలన ఉన్నది, సందేహము ఉన్నది, ప్రశ్నయు ఉన్నది. ప్రయోగశాలలో మనము పిల్లలనుండి కోరునది ఇదియే కదా! కాని ఆ ప్రశ్నను ముందుకు సాగించుటకు దారి లేదు. యంత్రము తన చేతిలోనే ఉన్నను లోపల ఏమి జరుగుచున్నదో చూచు అధికారము ఆ పిల్లవానికి లేదు.

ఇచ్చట తొందరపడి, స్వేచ్ఛా సాఫ్ట్‌వేరు ఉన్నచో ఇట్లు జరిగెడిది కాదు అనరాదు. లినక్స్ మీదను గూఢచర్యము చేయు ప్రోగ్రామును ఎక్కింపవచ్చును. అందుకు తగిన ప్రోగ్రాములు లేకపోలేదు. మూలరచన లోకమంతటికి తెరచియుండి, విద్యార్థి యంత్రమునకు మాత్రము తాళము వేసియున్నచో అతనికి ఒరిగినదేమి? క్రోమ్‌బుక్ అడుగున లినక్స్ ఉన్నను బాలునికి అందుబాటులో లేకుండుట ఇట్టిదే. కావున రెండు వేర్వేరు సంగతులు కలవు: పాళ్లు వ్రాసిన కాగితము ఒకటి, వంటింటి తాళపుచెవి మరియొకటి. పెన్ మానర్ వారు ఈ రెండింటిని కలిపి ఇచ్చిరి. యంత్రముపై సర్వాధికారమున్న విద్యార్థి ఒక్క ఆదేశముతో ఆ క్షణమున ఏయే ప్రోగ్రాములు నడుచుచున్నవో జాబితా తెప్పించుకొనగలడు. తెలియని పేరు కనబడినచో అదేమిటని వెదకగలడు. పచ్చదీపము వెలిగినచో కారణము కనుగొనగలడు. ఆ ప్రయోగమునందు నిజముగా మెచ్చదగినది ఇది. దీనికి సాంకేతిక జ్ఞానముకంటె ధైర్యము ఎక్కువ కావలెను. పదునైదేండ్ల వానికి సర్వాధికారమిచ్చినచో యంత్రమును పాడుచేయునని భయపడని అధికారి అరుదు. వారు దానికి సిద్ధపడిరి. వ్యవస్థ పాడైనచో మరల ఎక్కించుట కొద్దిసేపటి పని అని వారికి తెలియును.

వారు చేసిన రెండవ మంచిపని, మరమ్మతుల కేంద్రమును విద్యార్థులకే అప్పగించుట. పాఠశాలలోనే ఒక గదిలో కొందరు విద్యార్థులు కూర్చుండి తోటివారి యంత్రములను బాగుచేయుదురు, సందేహములు తీర్చుదురు. ఇది వారికి చదువులో భాగముగా పరిగణింపబడెను. పంపిణీకి ముందు యంత్రములన్నిటిలో వ్యవస్థను నింపు పనిలోను వారు పాల్గొనిరి. అనేక యంత్రములకు ఒకేమారు నింపుటకు కావలసిన సాధనమును విద్యార్థులే వ్రాసిరి. మన పాఠశాలలలో కంప్యూటరు చెడిపోయినచో కంపెనీ మనిషి వచ్చువరకు దానిపై గుడ్డ కప్పి ఉంచుట అందరెరిగినదే. దానితో పోల్చినచో తేడా తెలియును.

ఇక ప్రశ్నింపవలసినవి. ఈ వృత్తాంతమును చెప్పినవాడు ప్రయోగమును నడిపినవాడే. అతని నిజాయితీని శంకింప పనిలేదు. కాని ప్రయోగము చేసినవాని మాటతోనే ఫలితమును నిర్ణయించుట విజ్ఞానశాస్త్రము ఒప్పని పద్ధతి. లినక్స్ ఇచ్చిన పాఠశాలను, అదే స్థితిలోనుండి మరియొక వ్యవస్థ ఇచ్చిన పాఠశాలతో పోల్చి చూచినగాని పిల్లల చదువులో కలిగిన మార్పు దేనివలనో చెప్పజాలము. మరమ్మతుల గదిలోని పిల్లలు ఎంతో నేర్చుకొనిరనుటలో సందేహము లేదు. అయితే వారు కొద్దిమంది. మిగిలిన వారిలో ఎందరు ఆ తాళపుచెవిని వాడిరి? ఉబుంటులో వ్యాసము వ్రాసి, ఇంటర్నెట్టు చూచి మూసివేసిన విద్యార్థికి, విండోస్‌లో అదే పని చేసిన విద్యార్థికి భేదమేమి? స్వేచ్ఛ ఇచ్చుట ఒకటి, దానిని వాడుట నేర్పుట మరియొకటి.

ఈ ప్రశ్న ఊరక వేసినది కాదు. 2005లో నికొలస్ నెగ్రోపాంటీ ప్రకటించిన 'పిల్లవానికొక లాప్‌టాప్' పథకము ఇంతకంటె పెద్ద ఆశతో మొదలైనది. నూరు డాలర్ల యంత్రమనిరి. 2007లో తయారగునప్పటికి 188 డాలర్లయినది. దాని వ్యవస్థ స్వేచ్ఛా సాఫ్ట్‌వేరు. నడుచుచున్న ప్రోగ్రాము మూలరచనను పిల్లవాడు చూచుటకై కీబోర్డు మీదనే ఒక ప్రత్యేకమైన మీట పెట్టిరి. ఇంతకంటె అందమైన ఊహ ఉండదు. దక్షిణ అమెరికాలోని పెరూ దేశము ఈ యంత్రములను లక్షల సంఖ్యలో కొన్నది. అచ్చటి 319 గ్రామీణ పాఠశాలలలో అంతర అమెరికా అభివృద్ధి బ్యాంకు ఆర్థికవేత్తలు జరిపిన పరిశోధన 2012లో వెలువడినది. యంత్రములు ఇచ్చిన పాఠశాలలను, ఇవ్వని వాటిని సుమారు 15 నెలల పిమ్మట పోల్చి చూచిరి. గణితములోను, భాషలోను తేడా కనబడలేదు. సాధారణ తెలివితేటల పరీక్షలలో మాత్రము కొంత మేలు కనబడినది. మీట ఉన్నది, దానిని ఎప్పుడు, ఎందుకు నొక్కవలెనో చెప్పగల ఉపాధ్యాయుడు ప్రక్కన లేడు.

కేరళ ఈ విషయములో ముందున్నది. 2001లో మొదలైన ఐటీ ఎట్ స్కూల్ పథకము, 2017లో దానినుండి ఏర్పడిన కైట్ సంస్థ, యంత్రములతోపాటు పాఠ్యపుస్తకములను, ఉపాధ్యాయుల శిక్షణను, పరీక్షను కలిపి నడిపించినవి. స్వేచ్ఛా సాఫ్ట్‌వేరు అచ్చట యంత్రములో అలంకారము కాదు, పాఠము. తమ పాఠములకు తగినట్లు వ్యవస్థనే తయారుచేసికొనిరి. 2018లో విద్యార్థులకు 'లిటిల్ కైట్స్' అను సంఘములను పెట్టిరి. పెన్ మానర్ మరమ్మతుల గది ఒక్క పాఠశాలలోనిది; ఇది రాష్ట్రమంతటిది. అయితే ఒక ప్రమాదమును గుర్తింపవలెను. ఏ పాఠమైనను పరీక్షకు లోబడినప్పుడు, ఏ మెనూలో ఏ వరుస నొక్కవలెనో కంఠస్థము చేయు అలవాటు బయలుదేరును. మీటల వరుసను వల్లించుటకు విండోస్ అయిననేమి, లినక్స్ అయిననేమి?

తెలుగు పాఠశాలలకు ఇందులో మరియొక ముడి కలదు, అది భాష. 2018 ఫిబ్రవరిలో ఆపిల్ ఫోనులు ఒక తెలుగు అక్షరమునకు తట్టుకొనలేకపోయినవి. 'జ్ఞా' అను అక్షరమును, కలయికను నియమించు కంటికి కనబడని ఒక గుర్తుతో కలిపి పంపినచో దానిని తెరపై చూపబోయిన ప్రోగ్రాము కూలిపోవుచుండెను. విజ్ఞానములోని 'జ్ఞా' యే! లోపము ఎచ్చటనున్నదో తెలుగు తెలిసినవారు ఊహింపగలిగినను, మూలరచన చేతిలో లేనందున దిద్దుటకు వీలులేదు. కంపెనీవారు కొద్దిదినములలోనే సవరణ పంపిరి. అది వారి గౌరవమునకు తగినది. లోకమంతయు నవ్వినది గనుక త్వరపడిరని కూడ చెప్పవలెను. నవ్వు పుట్టింపని తెలుగు లోపములు ఎన్ని ఎంతకాలము పడియుండునో!

స్వేచ్ఛా సాఫ్ట్‌వేరులో ఆ లోపములు లేవా? ఉన్నవి, సంవత్సరముల తరబడి ఉన్నవి. లిబ్రె ఆఫీసు, ఫైర్‌ఫాక్స్ మొదలగువాటిని తెలుగులోనికి తెచ్చినది ఎక్కువగా స్వచ్ఛందముగా పనిచేసిన యువకులు. హైదరాబాదులోని స్వేచ్ఛ సంస్థవంటివి ఇందుకు పాటుపడినవి. వారి శ్రమకు కృతజ్ఞత చెప్పవలసినదే. కాని ఆ తెలుగు అంతయు తరగతి గదిలో చెల్లునదా? 'ఫైలు' అని ఊరూరా అందరనుదానిని 'దస్త్రము' చేసిరి. 'ఫోల్డరు' ను 'సంచయము' చేసిరి. ఇంటర్నెట్టునుండి దించుకొన్నవాటికి 'దింపుకోళ్ళు' అని పెట్టిన పేరు చూచి, ఏ బుట్టలోనుండి కోళ్లను దింపుచున్నారో అని పల్లెటూరి పిల్లలు నవ్వినచో తప్పెవరిది? ఇందువలననే పెక్కుమంది ఉపాధ్యాయులు తెలుగు తెరను మార్చి ఇంగ్లీషు తెరనే పెట్టుకొందురు.

తరగతి గదికి తగిన తెలుగు పాఠములు రాకపోలేదు. టాటా సామాజిక శాస్త్రముల సంస్థ, అమెరికాలోని ఎం.ఐ.టి., టాటా ట్రస్టులు కలిసి నడిపిన క్లిక్స్ అను కార్యక్రమము, స్వేచ్ఛా సాధనములతో గణిత, విజ్ఞానశాస్త్ర పాఠములను తయారుచేసి తెలంగాణ ఉన్నత పాఠశాలలలోను ప్రవేశపెట్టినది. పాఠములు తెలుగులోను వచ్చినవి. ఎవరైనను తీసికొని మార్చుకొనుటకు అనుమతి గలవి. 2017లో యునెస్కో బహుమానము దీనికి లభించినది. అట్టి పాఠములను తరగతిలో చెప్పిచూచిన ఉపాధ్యాయునికి ఏ మాట పిల్లలకు అందినదో, ఏది అందలేదో తెలియును. సాఫ్ట్‌వేరు తెలుగును దిద్దుటకు ఆ అనుభవమే కావలసినది. ప్రోగ్రాములు వ్రాయు విద్య దానికి అక్కరలేదు.

ఆ దిద్దుబాటు పని ఇట్లుండును. స్వేచ్ఛా ప్రోగ్రాములలో పెక్కింటికి తెరమీది మాటలన్నియు ఒక ప్రత్యేకమైన ఫైలులో ఉండును. ఒక వరుసలో ఇంగ్లీషు మాట, దాని క్రింది వరుసలో తెలుగు మాట. లెక్కలు లేవు, సూత్రములు లేవు, సాధారణమైన వ్రాత. తొమ్మిదవ తరగతి విద్యార్థులు పదిమంది ఒక శనివారపు మధ్యాహ్నము దానిని ముందు పెట్టుకొని, తమ లాప్‌టాప్ తెరపై తమకు అర్థముకాని మాటలను గుర్తించి, తమ ఊరి వాడుకను దాని ప్రక్కన వ్రాయగలరు. దానిని ప్రోగ్రాము నిర్వాహకులకు పంపవచ్చును. వారు ఒప్పుకొన్నచో రాబోవు కూర్పులో శ్రీకాకుళమునుండి ఆదిలాబాదు వరకు ప్రతి తెరమీదను ఆ మాటయే కనబడును. ఒప్పుకొనకున్నచో తమ పాఠశాలలోని యంత్రములవరకైనను ఆ మాటను మార్చుకొనుటకు ఎవరి అనుమతియు అక్కరలేదు. పిల్లల చేతిలో ఆ యంత్రపు తాళపుచెవి ఉన్నచో.